కొంగున కట్టిన ఫ్యూజులు

ఆ వేసవిలో మా కార్ఖానా సేఠ్ నన్ను ఆరు రోజుల శిక్షణకు పంపించాడు. అవి డెబ్బైల మధ్య రోజులు. అప్పటికి నేను భిలాయి వచ్చి నాలుగేళ్ళయింది. క్యాంప్ 1లో మా బావ వాళ్ళ సందులోనే ఒక గది తీసుకుని కాపురం పెట్టాను. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కోసమే వచ్చాను గానీ అది దొరకలేదు. కొలుముల లోపల పరిచే ఇటుకలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో ఎలక్ట్రీషియన్‌గా కుదురుకున్నాను. రేకుల షెడ్డు, రెండు బట్టీలు, యాభై మంది లోపు మనుషులు. ఉన్న మోటార్లన్నిటికీ నేనొక్కణ్ణే ఎలక్ట్రీషియన్ని.

శిక్షణ సెక్టర్ 4లో, సెలవులకు మూసిన ఒక బడి గదిలో జరిగింది. పిల్లల బెంచీల కింద మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవాళ్ళం. చిన్నా చితకా కార్ఖానాల నుంచి వచ్చిన పదిహేను మందిమి. పాఠం చెప్పే ఆయన విజయనగరం వైపు మనిషి. కరెంటు పనుల్లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరై, సెక్టర్ 6లో కొడుకు క్వార్టర్‌లో ఉండేవారు. అందరం మాస్టారూ అని పిలిచేవాళ్ళం. హిందీలో చెప్తూ చెప్తూ, మాలాంటి తెలుగువాళ్ళ ముఖాల్లో అనుమానం కనబడితే మన మాటలోకి దిగిపోయేవారు.

మూడో రోజున ఆయన మూడు పింగాణీ ఫ్యూజులు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"మీట నొక్కితే మిషను ఆగుతాది. ఆగడం వేరు, తిరగలేకపోవడం వేరు," అన్నారు. "మనిషి మిషను లోపలికి దిగాలంటే ముందు ఈ మూడూ ఊడదియ్యాలి. తీసి ఎక్కడ పెడతారు?"

"జేబులో," అన్నాం అందరం.

"ఎవరి జేబులో?"

కొందరం మా జేబులే తడుముకున్నాం.

"దిగినవాడి జేబులో. మీ జేబులో కాదు, మీ సూపర్‌వైజర్ జేబులో కాదు. లోపలున్న ఒళ్ళు ఎవరిదో ఆడి జేబులో. ఆడు బయటికొచ్చి, తన చేత్తో ఇస్తేనే మళ్ళీ పెట్టాలి."

నేను ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. చివరి రోజు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అందరికన్నా నా జవాబు బాగుందని మాస్టారు పైకి చదివి వినిపించారు. నాకిచ్చిన సర్టిఫికెట్‌కి మా ఆవిడ అద్దం కట్టించి క్యాలెండర్ పక్కన తగిలించింది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు అదే చూపించేది.

ఫ్యూజుల సంగతి మా కార్ఖానాలో ఎక్కడ అవసరమో నాకు బాగా తెలుసు. మా దగ్గర మట్టి నలిపే యంత్రం ఒకటి ఉండేది. అందరూ చక్కీ అనేవారు. నడుమెత్తు అంచున్న పెద్ద ఇనప పళ్ళెం. అది తిరుగుతుంటే దాని మీద రెండు ఇనప చక్రాలు దొర్లుతూ మట్టిని మెత్తగా నలిపేవి. రోజుకు నాలుగైదు సార్లు అడుగున మట్టి గట్టిగా అంటుకుపోయేది. అప్పుడు చక్కీ ఆపి, ఇద్దరు ఆడకూలీలు లోపలికి దిగి, ఖుర్పీలతో ఆ మట్టిని గీకి తీసేవారు.

ఆ ఇద్దరిలో ఒకావిడ మన శ్రీకాకుళం మనిషి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో భర్తతో మట్టి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను తమ్ముడూ అనేది, నేను అప్పా అనేవాణ్ణి. రెండో ఆవిడ ఛత్తీస్‌గఢీ, ధమ్‌ధా వైపు పల్లె. ఆవిడ అప్పని దీదీ అనేది. ఇద్దరూ కలిసి పని మొదలుపెడితే మధ్యలో మాట అవసరమయ్యేది కాదు.

శిక్షణ నుంచి వచ్చిన మొదటి వారం ఉత్సాహంగానే గడిచింది. చక్కీ ఆపిన ప్రతిసారీ నేను వెళ్ళి ఫ్యూజులు తీశాను. వాటి పెట్టె, చక్కీని నడిపే పచ్చ మీట, రెండూ షెడ్డు చివర గోడకు ఉండేవి. చక్కీ దగ్గర ఉన్నది ఆపడానికి ఒక ఎర్ర మీట మాత్రమే. గోడకీ చక్కీకీ మధ్య ఎండబెట్టిన ఇటుకల దొంతర్లు నిలువెత్తున ఉండేవి. నేను వెళ్ళి, తీసి, తెచ్చి ఇచ్చేసరికి ఆలస్యం. రెండో వారంలో ఒకరోజు నేను బట్టీ దగ్గర ఫ్యాన్ బాగుచేస్తుంటే సూపర్‌వైజర్ నా కోసం ఆగకుండా ఎర్ర మీట నొక్కి వాళ్ళని దింపేశాడు. ఏమీ కాలేదు. మర్నాడు కూడా ఏమీ కాలేదు. నెల తిరక్కుండా నేను కూడా వెళ్ళడం మానేశాను. ఫలానా రోజున మానేశామని చెప్పడానికి లేదు.

చలికాలం మొదట్లో ఒకరోజు పొద్దున్న పది గంటలప్పుడు చక్కీ ఆగిపోయింది. వెళ్ళి చూస్తే స్టార్టర్‌లో కాంటాక్టులు మాడిపోయాయి. ఆ పని కోసం నేను ఫ్యూజులు మూడూ తీసి జేబులో వేసుకున్నాను. నా ఒంటి మీద భయం ఉన్నప్పుడు పాఠం ఠంచనుగా గుర్తొచ్చింది. చక్కీ ఎలాగూ ఆగింది కదా అని ఆ ఇద్దరూ లోపలికి దిగి గీకడం మొదలుపెట్టారు. అది నేను చూశాను కూడా. కాంటాక్టులు మార్చేసరికి అరగంట పట్టింది. నా పని అయిపోయింది. ఫ్యూజులు మళ్ళీ పెట్టాను. దొంతర్ల ఇవతలి నుంచి "చాలూ?" అని హిందీలో కేకేశాను, నడపనా అన్నట్టు. "హా" అని వినిపించింది. పచ్చ మీట నొక్కాను.

ఆ "హా" నాకు కాదు. మంచినీళ్ళ కుండ దగ్గర ఎవరో ఎవరితోనో అన్న మాట.

ఛత్తీస్‌గఢీ ఆవిడ అప్పుడే నీళ్ళ కోసం పైకెక్కి ఉండటం వల్ల ఎర్ర మీట ఆవిడ చేతికందింది. పళ్ళెం పావు చుట్టు మాత్రమే తిరిగి ఆగింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి అప్ప అంచు మీద బోర్లా పడి ఉంది. ఎడమ కాలి చెప్పు చక్రం కింద నలిగిపోయింది. కాలు లాక్కోబట్టి పాదం దక్కింది గానీ, చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆవిడ ఏడవలేదు. అంచుని రెండు చేతులా పట్టుకుని వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి కిందికి దింపాల్సి వచ్చింది.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టించుకుని బయటికి వచ్చాక సూపర్‌వైజర్ ఏమైందని అడిగాడు. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఎక్కతన్నప్పుడు కాలు జారింది, భయ్యా."

సూపర్‌వైజర్ ఆ మాటే సేఠ్‌కి చెప్పాడు. సేఠ్ ఆ మాటే రిజిస్టర్‌లో రాయించాడు. ఛత్తీస్‌గఢీ ఆవిడకి మీట నొక్కింది ఎవరో తెలుసో లేదో గానీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. మూడో రోజున చక్కీ పక్కన కొత్త బోర్డు వేలాడింది, చూసి అడుగు వేయండి అని హిందీలో ఎర్రరంగుతో రాసి. కూలీలందరికీ అడుగున గీతలున్న రబ్బరు చెప్పులు కూడా ఇచ్చారు. కాలు జారిన ప్రమాదానికి అంతకన్నా ఏం చేస్తారు?

ఒక పది రోజులు అందరూ జాగ్రత్తగా ఉన్నారు. నేను అడగకుండానే వెళ్ళి ఫ్యూజులు తీశాను. భయం ఉన్నంతకాలం అలా నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఎర్ర మీట నొక్కడం, అప్ప బదులు వచ్చిన ఇంకో మనిషి ఖుర్పీ పట్టుకుని లోపలికి దిగడం నా కళ్ళతో చూశాను. నోటిదాకా మాట వచ్చింది. ఆ మాట అంటే, ఇప్పుడెందుకు అంటున్నావని అడుగుతారు. ఆ తర్వాత ఏం చెప్పాలి? తల దించుకుని నా పని చూసుకున్నాను.

ఆ ఆదివారం మా ఆవిడ కాచిన జావ గిన్నె పట్టుకుని అప్ప ఇంటికి వెళ్ళాను. మా సందుకి నాలుగు సందుల అవతల. ఇంటి ముందు నులకమంచం మీద కట్టు కట్టిన కాలు చాపుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"రా తమ్ముడూ, కూకో," అంది.

కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడాం. చివరికి నేనే అన్నాను.

"కాలు జారలేదు కదప్పా."

"నేదు," అంది తలెత్తకుండా. "నీ గొంతు నాకు ఇనిపించింది. సాలూ అన్నావు. వొద్దొద్దు, నాను లోపలున్నానని అరిసినాను. ఇటికీల అవతల నీకు ఇనబడనేదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

ఆవిడ చేట పక్కన పెట్టింది.

"నిజం సెప్తే నిన్ను తీసెస్తారు. నీ జాగాలో ఇంకొకడొస్తాడు. ఆడికి నా కాలు సంగతి తెల్దు. నీకు తెలుసు. మల్లీ అదే సక్కీలోకి దిగాలి కదేటి నాను."

నేను క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆవిడ ఆ మాటకి చోటే ఇవ్వలేదు. నా మీద దయతో కాదు, తన ప్రాణం కోసం నన్ను అక్కడ ఉంచింది. అలా ఉంచినందుకు నేను చేస్తున్నదేమిటి? తల దించుకుని తిరగడం.

అక్కడి నుంచి తిన్నగా సైకిలు తొక్కుకుంటూ సెక్టర్ 6కి వెళ్ళాను. మాస్టారు వరండాలో ఎవరిదో టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నారు. నన్ను చూసి గుర్తుపట్టారు. "నీ పేపరు కదూ నేను చదివింది," అన్నారు. ఆ మాట విన్నాక మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆపకుండా విన్నారు. తిడతారనుకున్నాను. ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఫ్యూజుల పెట్టె చక్కీకి ఎంత దూరం?"

"నలభై అడుగులుంటుందేమోనండి."

"కొలిచావా?"

"లేదండి."

"అక్కణ్ణుంచి చక్కీ అవుపడతాదా?"

"దొంతర్లు అడ్డం."

"ఆడమనుషులకి ఫ్యూజులిస్తే ఎక్కడ పెట్టుకుంటారు?"

చీరకి జేబు ఉండదన్న సంగతి ఆయనకీ అప్పుడే తట్టిందనుకుంటాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు.

"ఇన్నేళ్ళుగా పాఠం చెప్తన్నాను," అన్నారు మెల్లగా. "చెప్తాను, పరీక్ష పెడతాను, కాయితం ఇచ్చి పంపిస్తాను. వెళ్ళినవాడు ఏటి చేస్తన్నాడో, చెయ్యలేకపోతే ఎందుకు చెయ్యలేకపోతన్నాడో, ఒక్కడి వెనకా వెళ్ళి చూడలేదు. రేపు పొద్దున్న నీ కార్ఖానాకి వస్తాను. మీ సేఠ్‌తో ఏటని చెప్తావో చెప్పుకో."

ఆ సాయంత్రమే సేఠ్ ఇంటికి వెళ్ళి, నాకు శిక్షణ ఇచ్చిన మాస్టారు ఒకసారి చూసి వెళ్తారట అని చెప్పాను. సర్టిఫికెట్‌కి సంబంధించిన పని అనుకుని ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు ఎనిమిదికల్లా మాస్టారు సైకిలు మీద వచ్చారు. పాఠమేమీ చెప్పలేదు. ఒక దొంతర పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని మూడు గంటలు చూశారు. చక్కీ ఆపడం, దిగడం, గీకడం, ఎక్కడం, మళ్ళీ నడపడం. ఒకసారి నన్ను ఫ్యూజులు తీసి తెమ్మని గడియారం చూసుకున్నారు. నేను దొంతర్లు చుట్టి వెళ్ళి, మూడూ ఊడదీసి తెచ్చేసరికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ సూపర్‌వైజర్ మొహం ఎలా ఉందో కూడా ఆయన చూశారు. సూపర్‌వైజర్ చెడ్డవాడు కాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, తెలుగు కన్నా హిందీయే ధారాళంగా వచ్చేది. మట్టి సమయానికి అందకపోతే అటు ఇటుక అచ్చుల దగ్గర పదిమంది చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ మాట పడేది అతనే.

మధ్యాహ్నం రొట్టెలు తినే వేళకి అందరూ నీడకు చేరారు. మాస్టారు సూపర్‌వైజర్ని అడిగారు.

"ఆవిడ కాలు ఎలా జారింది బాబూ?"

"ఎక్కేటప్పుడు ఫిసల్ గయా, మాస్టర్‌జీ."

మాస్టారు ఇంకేమీ అడగలేదు. నా వైపు కూడా చూడలేదు. రొట్టె తుంచుకుంటూ ఉండిపోయారు. నేను లేచి నిలబడ్డాను.

"కాలు జారలేదు," అన్నాను. హిందీలోనే అన్నాను, అందరికీ తెలియాలని. "ఆవిడ లోపలుండగా మీట నొక్కింది నేను."

ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒక్కతే తల ఊపింది, ఇన్నాళ్ళకా అన్నట్టు.

సాయంత్రం సేఠ్ నన్నూ, అప్పటిదాకా ఉండిపోయిన మాస్టారినీ పిలిచాడు. ఆయన కోపం నేను ఊహించినంతా ఉంది. ఆ రోజే చెప్పి ఉంటే గేటు బయట నిలబెట్టేవాణ్ణి అన్నాడు. ఇప్పుడైనా నిలబెడతానన్నాడు. మాస్టారు ఆ మాటకి అడ్డు చెప్పలేదు. "మీ ఇష్టం. కానీ ఈయన్ని తీసేసినా పెట్టె ఆ గోడకే ఉంటాది, దొంతర్లు అక్కడే ఉంటాయి. కొత్తవాడూ కేకేసి మీట నొక్కుతాడు," అన్నారంతే. సేఠ్ లేచి షెడ్డులోకి వచ్చి, మొదటిసారిగా ఆ గోడ దగ్గర నిలబడి చక్కీ వైపు చూశాడు. ఆయనకి కనిపించినవి ఇటుకలు.

నన్ను తీసెయ్యలేదు. పెట్టెనీ పచ్చ మీటనీ చక్కీ పక్కకి మార్చమన్నాడు. పని రోజుల్లో వీల్లేదు, నా సెలవు రోజుల్లో చెయ్యాలి. మూడు ఆదివారాలు పట్టింది. మాస్టారు మూడు ఆదివారాలూ వచ్చారు. ఆ వయసులో నిచ్చెన కింద నిలబడి గొట్టంలోంచి తీగ లాగి అందించారు. పని చేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పేవారు గానీ శిక్షణ అన్న మాట ఎత్తలేదు. పెట్టె ఇప్పుడు చక్కీలోకి దిగేవాళ్ళ ఎదురుగా వచ్చింది. అక్కడ నిలబడితే పళ్ళెం అడుగుదాకా కనిపిస్తుంది. ఫ్యూజులు తీసి చేతికివ్వడానికి ఒక నిమిషం కూడా పట్టడం లేదని మాస్టారు గడియారంలో చూపిస్తే సూపర్‌వైజర్ మొహం తేలికపడింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. దగ్గరగా ఉన్న పెట్టెని కూడా మనిషి మరిచిపోగలడు. తొందరలో ఉన్న రోజు సూపర్‌వైజర్ చెయ్యి తిన్నగా ఎర్ర మీట మీదికే వెళ్ళేది. నేను ఉంటే గుర్తుచేసేవాణ్ణి. లేకపోతే లేదు.

అప్ప రెండున్నర నెలలకి పనిలోకి వచ్చింది, కొంచెం కుంటుతూ. ఫ్యూజుల గురించి మాస్టారు చెప్పిన సంగతి అంతకు ముందే నేను ఇంటికి వెళ్ళి ఆవిడకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ మూడూ నా దగ్గరుంటే సక్కీ తిరగదు. అంతే కదా?"

"అంతే అప్పా."

"నివ్వొచ్చి తిప్పినా?"

"నేనొచ్చి తిప్పినా తిరగదు."

ఆవిడ వచ్చిన మొదటి రోజే పరీక్ష ఎదురైంది. ముందు రోజు పెళ్ళిళ్ళని సగం మంది రాక పని వెనకబడింది. సూపర్‌వైజర్ హడావిడిగా ఎర్ర మీట నొక్కి, "చలో, జల్దీ," అన్నాడు. అప్ప చక్కీ అంచు దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. చెయ్యి చాపింది.

"ఏంటి దీదీ?"

"అవి ఇలగియ్యి."

"బంద్ చేశాను కదా. నేనిక్కడే నిలబడతాను. ఎవరూ ముట్టుకోరు."

"నివ్వు మంచోడివే బాబూ. ఈ తమ్ముడూ మంచోడే," అంది నా వైపు చూపించి. "మంచోడే నా కాలు ఇరగ్గొట్టినాడు. ఇలగియ్యి."

షెడ్డులో ఎవరో నవ్వారు. సూపర్‌వైజర్ గొంతు పెంచాడు. పని లేటైతే జవాబు ఎవరు చెప్తారన్నాడు. ఆవిడ చాపిన చెయ్యి దించలేదు, గొంతూ పెంచలేదు. ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా వచ్చి పక్కన నిలబడి తన చెయ్యి కూడా చాపింది. రెండు చేతులు. అతను విసుక్కుంటూ పెట్టె తెరిచి మూడూ ఊడదీశాడు. అప్ప రెండు తీసుకుని కొంగు చివర వేసి ముడేసి నడుములో దోపుకుంది. మూడోది రెండో ఆవిడ కొంగుకి చేరింది. ఇద్దరూ లోపలికి దిగారు. పని అయ్యాక ముందు రెండో ఆవిడ ఎక్కి తనది ఇచ్చింది. అప్ప అడుగున ఇంకో మూల గీకి, తీరిగ్గా ఎక్కి, ముడి విప్పి మిగతా రెండూ ఇచ్చింది. అప్పటిదాకా అతను నిలబడాల్సి వచ్చింది.

ఆ రోజు తర్వాత ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా ఊరికే దిగలేదు. వాదన మాత్రం చాలా రోజులు నడిచింది. ఒకరోజు అతను ఒక్క ఫ్యూజే తీసిచ్చి సరిపెట్టబోయాడు. ఒకరోజు నేనే, సాక్షాత్తూ నేనే, దగ్గర ఉన్నాను కదా ఎందుకులే అన్నాను. అప్ప నా వైపు చూసిన చూపుకి మాట మింగేశాను. మెల్లగా సూపర్‌వైజర్లోనే మార్పు వచ్చింది. ముందు అతను చక్కీ నడిపేముందు నాలుగు కేకలు వేసి, మనుషుల్ని లెక్కపెట్టుకుని, అయినా అనుమానంతో మీట నొక్కేవాడు. ఇప్పుడు మూడూ చేతికొచ్చాయంటే లోపల ఎవరూ లేనట్టే. వర్షాకాలం వచ్చేసరికి వాళ్ళు చెయ్యి చాపకముందే తీసి పట్టుకుని నిలబడేవాడు. ఎప్పుడు అలవాటైందో అతనికీ తెలియదు.

అన్నిచోట్లా ఇలా జరిగిందని చెప్తే అబద్ధమవుతుంది. ఇటుకలు అచ్చు ఒత్తే యంత్రం దగ్గర కూడా ఇదే పద్ధతి పెట్టమని సేఠ్ హుకుం జారీ చేశాడు, బోర్డూ రాయించాడు. పెట్టె దగ్గరగానే ఉంది. అక్కడ అది పట్టలేదు. అక్కడి మనుషులు నెలకొకరు మారిపోయేవారు, చెయ్యి చాపి నిలబడే మనిషి లేదు. ఎన్నిసార్లు చెప్పానో. ఆ యంత్రాన్ని తీసేసి కొత్తది తెచ్చేదాకా నా గుండె దడ అలాగే ఉండేది.

ఇంట్లో నా సంగతి ఇంకా అన్యాయం. ఒక సాయంత్రం గదిలో దీపం పోతే మెయిన్ ఆపకుండానే స్టూలెక్కి ఫ్యూజులో తీగ వేస్తున్నాను. కింద నిలబడ్డ మా ఆవిడ కాసేపు చూసి, "గోడ మీద అద్దం కట్టిన కాయితం దించీనా?" అంది. దిగి మెయిన్ ఆపాను. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య దూరం నాలో ఎంత ఉందో ఆవిడకే ఎక్కువ తెలుసు.

ఎనభైల మొదట్లో కార్ఖానా పెరిగి రెండో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. దుర్గ్ నుంచి వచ్చేవాడు. అప్పకి అప్పటికి పైపని ఇచ్చారు, చక్కీలోకి వేరే మనుషులు దిగుతున్నారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి అతను ఫ్యూజులు తీసి వాళ్ళకి పంచుతున్నాడు. ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు భయ్యా. ఇక్కడ ఇలాగే కదా చేస్తారు," అన్నాడు, నేనేదో వింత ప్రశ్న అడిగినట్టు.

అప్ప కాలు విరిగిన సంగతి అతనికి తెలియదు. చెప్దామనుకుని ఊరుకున్నాను. తర్వాత ఎప్పుడో చెప్పాననుకోండి. ఆ క్షణాన మాత్రం అతనికి తెలియకపోవడమే నాకు నచ్చింది.

మాస్టారు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పాఠం చెప్పారు. పద్ధతి మార్చారు. ఆరో రోజున పరీక్ష తీసేసి, ఒక్కొక్కరికీ తన చిరునామా రాసిన పోస్టుకార్డు ఇచ్చేవారు. నెల తర్వాత రాయాలి. నేర్చుకున్నదాంట్లో ఏది చేస్తున్నారు, ఏది చెయ్యలేకపోతున్నారు, ఎవరు అడ్డం, ఏది అడ్డం. నేర్చుకున్నది ఏమిటో మాత్రం రాయొద్దనేవారు, అది నాకు తెలుసు కదా అని. పదిహేను కార్డులిస్తే ఐదో ఆరో వచ్చేవి. ఆయన చూపు మందగించాక నేను ఆదివారాలు వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. అంతా బాగా జరుగుతోందని రాసినవాటిని ఆయన పక్కన పెట్టించేవారు. జరగడం లేదని రాసినవాటిని రెండోసారి చదివించుకునేవారు.

ఒక కార్డు బాగా గుర్తుంది. రాయ్‌పూర్ దారిలో ఒక చిన్న కార్ఖానా మనిషి పెన్సిల్‌తో హిందీలో రాశాడు. మీరు చెప్పింది వారం చేశాను, తర్వాత చెయ్యలేదు, ఎందుకో నాకే తెలియడం లేదు, తప్పు నాదే అయ్యుండాలి, అని ఉంది. చదివి ఆపాను. మాస్టారు దాన్నీ రెండోసారి చదివించుకున్నారు.

"బస్సు ఎన్నింటికి ఉన్నాది?" అన్నారు.

"ఎక్కడికండీ?"

"అతని దగ్గరికే. వెళ్ళి చూస్తే గానీ తెలీదు. నా కళ్ళకి దూరం ఆనడం లేదు, నువ్వు చూసి చెప్పు. పెట్టె ఎక్కడున్నాది, మనుషులెక్కడ నిలబడతన్నారు, ఎవరు తొందరపెడతన్నారు. అతను తప్పు నాదే అనుకుంటన్నాడు. ముందు ఆ మాట సరా కాదా చూడాలి."

సోమవారం సెలవు పెట్టి ఆయన్ని తీసుకుని వెళ్ళాను. ఆ మనిషి మమ్మల్ని గేటు దగ్గర చూసి చాలాసేపు నమ్మలేదు. తర్వాత లోపలికి తీసుకెళ్ళి తన యంత్రం చూపించాడు. మాస్టారు కూర్చోవడానికి ఒక డబ్బా తెచ్చి వేశాడు. నేను ఫ్యూజుల పెట్టె నుంచి యంత్రం దాకా అడుగులు కొలవడం మొదలుపెట్టాను.